ఏడు సెకన్ల ముఖం, ముఖం లేని జాబితా

2023 నవంబరు 30, తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల పోలింగు రోజు. పొద్దున్నే జనం బూతుల ముందు లైన్లు కడుతున్న వేళకి ఎక్స్‌లో ఒక వీడియో తిరగడం మొదలైంది. నిడివి ఏడు సెకన్లు. అందులో సిరిసిల్ల ఎమ్మెల్యే, అప్పటి మంత్రి కేటీఆర్, తన పార్టీని కాదని కాంగ్రెస్‌కు ఓటెయ్యమంటున్నారు. పెట్టింది కాంగ్రెస్ ఖాతా. ముఖం ఆయనదే, గొంతూ ఆయనదే, మాట మాత్రం ఆయనది కాదు. రెండు నెలల తర్వాత, 2024 ఫిబ్రవరిలో అల్ జజీరా రాసిన కథనంలో పేరు చెప్పడానికి ఇష్టపడని ఒక కాంగ్రెస్ నాయకుడు దాన్ని ఏఐతో చేయించామని ఒప్పుకున్నాడు. మామూలు ఓటరు తేడా పట్టలేడనీ, అప్పటికే పోలింగు మొదలైంది కనుక అవతలి పార్టీకి సర్దుకునే టైం లేదనీ కూడా చెప్పాడు.

ఆ రెండో మాట దగ్గర కాసేపు ఆగాలి. మన ఎన్నికల చట్టంలో పోలింగు ముగిసే సమయానికి ముందు 48 గంటలు మౌనం ఉంది. మైకులు బందు, ర్యాలీలు బందు. ఓటరు ఇంట్లో కూచుని తనలో తాను ఆలోచించుకోవడానికి చట్టం ఇచ్చిన ఖాళీ అది. జవాబు చెప్పడానికి ఎవరికీ వీలులేని ఆ ఖాళీలోకే ఏడు సెకన్లు దూరాయి. దీన్ని ఒక పాఠంగా చదివితే అసలు పనితనం బొమ్మలో లేదు, పెదవుల కదలికలో లేదు. పని జరిగింది ముహూర్తంలో. అదే వీడియో వారం ముందు వస్తే ఒక ప్రెస్‌మీట్‌తో, రెండు మీమ్‌లతో పోయేది.

ఆ వీడియో ఏం సాధించింది? ఓట్లు ఇటు నుంచి అటు మారాయని ఎవరూ నిరూపించలేరు. సిరిసిల్లలో కేటీఆరే గెలిచారు. జగిత్యాలలో, కోరుట్లలో కూడా ఆయన పార్టీయే గెలిచింది. రాష్ట్రం కాంగ్రెస్ చేతికి పోయినా ఈ మూడు చోట్లా కారు గుర్తు నిలబడింది. ఇక జగిత్యాలలో బీఆర్ఎస్ టికెట్ మీద గెలిచిన ఎమ్మెల్యే 2024 జూన్‌లో ముఖ్యమంత్రి సమక్షంలో కాంగ్రెస్ కండువా కప్పుకున్న ఫొటోలు పేపర్లలో వచ్చాయి. డీప్‌ఫేక్ ఏడు సెకన్లలో ఊహించిన పనిని అసలు మనిషి ఏడు నెలల్లో చేసి చూపించారన్న మాట. మన రాజకీయాల్లో యంత్రానికి మిగిలే పని తక్కువేనేమో అని నవ్వుకున్నాను. నవ్వు సంగతి సరే, ఓటు మారలేదు కాబట్టి నష్టం లేదనే వాదన మాత్రం నాకు మింగుడు పడదు. 2009లో సిరిసిల్లలో కేటీఆర్ మొదటిసారి గెలిచింది 171 ఓట్లతో. 2018లో జగిత్యాల జిల్లా ధర్మపురిలో తేడా 441 ఓట్లు. ఇలాంటి అంకెలున్న చోట ఏడు సెకన్లు తక్కువ కాలం కాదు.

ఇంకో సంగతి. నాయకుడి ముఖాన్ని దొంగిలించడం యంత్రానికి సులువు, ఎందుకంటే ఆ ముఖం ఇప్పటికే వేల గంటల వీడియోగా పరిచి ఉంది. ఇంగ్లీషూ తెలుగూ ఉర్దూ కలిపి గడగడా మాట్లాడే కేటీఆర్ ఉపన్యాసాలకు యూట్యూబ్‌లో కొదువ లేదు. కోరుట్లలో బీడీలు చుట్టే ఆమె ముఖాన్ని అట్లా దొంగిలించలేరు, దొంగిలించే అవసరమూ ఎవరికీ లేదు. ఆమె యంత్రానికి దొరికేది వేరే దారిలో. అక్కడికి వస్తాను.

ముందు ఇదే కథకి అడ్డం తిరిగిన ఒక ఉదాహరణ చూడాలి. 2025 మార్చి ఆఖర్లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీదికి బుల్డోజర్లు వచ్చాయి. విద్యార్థులు అడ్డుపడ్డారు. పారిపోతున్న జింకలు, ఏడుస్తున్న నెమళ్లు అంటూ బొమ్మలు ఫోన్లలో తిరిగాయి. వాటిలో కొన్ని నిజంగానే ఏఐ బొమ్మలు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమంది. ప్రభుత్వం మాత్రం ఆ బొమ్మల మీద విచారణ అంది. జిబ్లీ శైలిలో గీసిన ఒక బొమ్మను మళ్లీ పోస్టు చేసినందుకు ఐఏఎస్ అధికారిణి స్మితా సభర్వాల్‌కు పోలీసుల నోటీసు కూడా వెళ్లింది. కొట్టేసిన చెట్లు నిజం, బొమ్మలో నెమలి అబద్ధం. మరి వాదం దేని మీద నడిచింది? నెమలి మీద. ఏఐ మన ప్రజా చర్చకు చేసిన హాని ఏమిటని ఎవరైనా అడిగితే నేను కేటీఆర్ వీడియో కన్నా ముందు ఈ నెమలిని చూపిస్తాను. అబద్ధాన్ని నిజమని నమ్మించడం ఒక ఎత్తు. నిజాన్ని ‘అదంతా ఏఐ’ అని ఒక్క మాటతో తుడిచేసే సౌకర్యం ఇంకో ఎత్తు. ఆ సౌకర్యం అధికారంలో ఉన్నవాళ్లకే ఎక్కువ పనికొస్తుంది. నోటీసు పంపే చెయ్యి వాళ్లది కదా.

సరిహద్దులు దాటితే ఈ ముఖాల దొంగతనం ఇంకా ప్రమాదం. 2022 మార్చిలో ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీ తన సైనికులను ఆయుధాలు దించమంటున్న నకిలీ వీడియో వచ్చింది. అది మొరటుగా ఉంది కాబట్టి గంటల్లో తేలిపోయింది. 2025 మేలో మనకీ పాకిస్తాన్‌కీ మధ్య క్షిపణులు ఎగురుతున్న రోజుల్లో పాక్ సైనిక ప్రతినిధి తమ రెండు విమానాలు కూలాయని ఒప్పుకున్నట్టు ఒక డీప్‌ఫేక్ వచ్చింది. దాన్ని మన మీడియా సంస్థలు కొన్ని నిజమేనని ఎత్తుకున్నాయి. రెండు అణ్వాయుధ దేశాలు, మధ్యలో ఒక కల్పిత ఒప్పుకోలు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో ఇది దూరపు ముచ్చట కాదు. ఇక్కడ ఊరూరా గల్ఫ్ ఇళ్లున్నాయి. దుబాయిలో, మస్కట్‌లో, దోహాలో ఉన్నవాళ్ల క్షేమం ఇంటివాళ్లకు తెలిసేది వాట్సాప్‌లోనే. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్ కొట్టుకున్న పన్నెండు రోజులూ ఏఐ తయారుచేసిన కూలిన నగరాల వీడియోలు నిజం వీడియోలతో కలిసి తిరిగాయి. కొడుకు ఉన్న దిక్కు ఆకాశం ఎర్రగా మండుతున్నట్టు ఫోన్‌లో చూసిన తల్లికి అది అసలో నకలో చెప్పే సంస్థ ఏది? ఏ రాయబార కార్యాలయం తెలుగులో చెబుతుంది?

ఇంతవరకూ చెప్పినవన్నీ ముఖాల కథలు. మన పత్రికలు, మన సాహిత్య సభలు ఏఐ గురించి మాట్లాడేది కూడా ఈ మేరకే. ఇంకో అడుగు వేస్తే యంత్రం కవిత్వం రాస్తుందా, రాస్తే అది కవిత్వమేనా అన్న చర్చ. చాట్‌జీపీటీతో ఒక పద్యం రాయించి, యతి తప్పిందని నవ్వి, మనకింకా ఢోకా లేదని ఊపిరి పీల్చుకోవడం. నాకు ఆ చర్చ మీద కోపం లేదు గాని విసుగుంది. యంత్రం ఇప్పటికే మన రాష్ట్రంలో ఒక పెద్ద రచన చేసింది. అది పద్యం కాదు, జాబితా. అందులో ఉన్నవాళ్ల కంటే లేనివాళ్లదే అసలు కథ.

2014 ఆగస్టు 19 గుర్తుందా? సమగ్ర కుటుంబ సర్వే. ఒకే రోజు, రాష్ట్రమంతా, ఇంటికో ఎన్యూమరేటర్. ఆ రోజు ఇంట్లో లేకపోతే లెక్కలో ఉండమేమోనన్న భయంతో బతకపోయినవాళ్లంతా ఊళ్లకు పరుగెత్తుకొచ్చారు. బస్సులూ రైళ్లూ కిటకిటలాడాయి. ఆ రోజు జనం చూపించిన ఆరాటం నన్ను ఇప్పటికీ ఆలోచనలో పడేస్తుంది. సర్కారు లెక్కలో ఉండటమంటే ఉనికి. లెక్కలో లేకపోతే లేనట్టే. జనం సరిగ్గానే అర్థం చేసుకున్నారు. అర్థం కానిదల్లా లెక్కలో ఉన్నాక కూడా తీసేసే పద్ధతి ఒకటి వస్తుందని.

దాని పేరు సమగ్ర వేదిక. పేరు చూస్తే సాహిత్య సంస్థ అనుకుంటారు, ఏ ఆదివారమో పుస్తకావిష్కరణ పెట్టే వేదికలాగా. అది తెలంగాణ ఐటీ శాఖ నడిపిన సాఫ్ట్‌వేర్ వ్యవస్థ. రవాణా శాఖ దగ్గర ఉన్న బండ్ల వివరాలు, కరెంటు కనెక్షన్లు, ఆస్తి పన్ను, ఉద్యోగాలు, పింఛన్లు, ఇట్లా ముప్పై దాకా శాఖల దస్త్రాలను కలిపి, ‘ఈ దస్త్రంలో ఉన్న ఫలానా మనిషి, ఆ దస్త్రంలో ఉన్న ఫలానా మనిషి ఒకరే’ అని తేల్చడం దాని పని. ఎట్లా తేలుస్తుంది? పేరు ఎంత దగ్గరగా ఉంది, తండ్రి పేరు, చిరునామా, పుట్టిన తేదీ ఎంత కలిశాయి అని లెక్కగట్టి. ఖాయంగా చెప్పడం కాదు, ఎంతవరకు కావచ్చో అంచనా. ఆ అంచనా మీద ఒక ఇంటికి కారుందని తేలితే రేషన్ కార్డు పోతుంది.

సాహిత్యం చదివేవాళ్లకి ఇక్కడ గొడవ ఏమిటో వెంటనే అర్థం కావాలి. ఇది పేర్ల సమస్య, అంటే భాష సమస్య. పాత కరీంనగర్ జిల్లాలో ఏ వాడకట్టుకు పోయినా నలుగురు లక్ష్ములు, ముగ్గురు రాజేశాలు, ఐదుగురు నర్సయ్యలు దొరుకుతారు. ఒక్కో ఆఫీసులో ఒక్కో గుమాస్తా ఆ పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లోకి తనకు తోచినట్టు దించుతాడు. లక్ష్మిలో ఒకరు ఎక్స్ పెడతారు, ఇంకొకరు కె, ఎస్, హెచ్ పెడతారు. రాజయ్య చివర ఒకచోట ‘ఐఏహెచ్’, ఒకచోట ‘వైవైఏ’. ఇంటిపేరు ఒక దస్త్రంలో ముందొస్తే ఇంకోదాంట్లో వెనకొస్తుంది, మరోదాంట్లో ఒక్క పొడి అక్షరమైపోతుంది. మనుషులకి ఇది ఇబ్బంది కాదు. ‘ఏ లక్ష్మి? సాంచాల లక్ష్మా, బీడీల లక్ష్మా?’ అని అడిగితే తేలిపోతుంది. యంత్రానికి ఆ ప్రశ్న అడిగే నోరు లేదు. అడగకుండానే జవాబు రాసుకుంటుంది.

2024 జనవరిలో అల్ జజీరాలో రిపోర్టర్స్ కలెక్టివ్ విలేకరులు బయటపెట్టిన కేసు ఇట్లాంటిదే. హైదరాబాద్‌లో ఒక రిక్షా కార్మికుడికి కారుందని వ్యవస్థ తేల్చింది. ఆ కారు ఆయన పేరును పోలిన పేరున్న ఇంకో మనిషిది. కుటుంబానికి రేషన్ కార్డు పోయింది. కారు లేదని నిరూపించుకోవడానికి ఆ ఇల్లాలు ఏళ్ల తరబడి తిరిగింది. ఉన్నదాన్ని ఉందని నిరూపించడానికి కాగితం ఉంటుంది. లేని కారును లేదని నిరూపించే కాగితం ఏ ఆఫీసులో ఇస్తారు?

ఆ కథనంలోని అంకెలు కొన్ని ఇక్కడ పెట్టక తప్పదు. 2014 నుంచి 2019 మధ్య తెలంగాణలో 18.6 లక్షలకు పైగా ఆహార భద్రత కార్డులు రద్దయ్యాయి. కొత్త దరఖాస్తులు 1,42,086 తిరస్కరించారు. ముందస్తు నోటీసు లేదు. అన్నీ యంత్రం ఒక్కటే తీసేసిందని కాదు. పై నుంచి వచ్చిన అనుమానపు జాబితాను కింద అధికారి కళ్లు మూసుకుని నమ్మడం కూడా అందులో భాగమే. హైదరాబాద్ సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ వేసిన కేసులో 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ కార్డుల్ని మళ్లీ క్షేత్రస్థాయిలో పరిశీలించమంది. 4,91,899 దరఖాస్తులు వచ్చాయి. జూలై నాటికి చూసినవి 2,05,734. వాటిలో 15,471 మంది అర్హులేనని తేలింది. అంటే నూటికి ఏడున్నర. మళ్లీ వచ్చి దరఖాస్తు పెట్టుకోగలిగినవాళ్లలో లెక్క ఇది. రాలేనివాళ్లు, వలసపోయినవాళ్లు, విసిగిపోయినవాళ్లు ఈ నూటిలో లేనే లేరు. ఆ వ్యవస్థ లోపల లెక్క ఎట్లా నడుస్తుందో చూపించమని సమాచార హక్కు చట్టం కింద అడిగితే, అది తయారుచేసిన ప్రైవేటు కంపెనీ హక్కులు అడ్డం వచ్చాయి. అన్నం ముద్ద సర్కారుది, దాన్ని ఆపే సూత్రం కంపెనీ సొత్తు.

ఇక్కడ మళ్లీ సిరిసిల్లకు రావాలి. ఆ ఏళ్లలో చాలా భాగం ఐటీ మంత్రి కేటీఆరే. సమగ్ర వేదిక ఆ శాఖదే. తన ముఖాన్ని యంత్రం దొంగిలిస్తే అందరికీ తెలిసింది, అంతర్జాతీయ మీడియా రాసింది. తన శాఖ యంత్రం లక్షల పేర్లను జల్లెడ పడుతుంటే ఏ చానల్లోనూ బ్రేకింగ్ న్యూస్ రాలేదు. ఈ వైరుధ్యాన్ని ఒక పార్టీ మీదికి నెట్టేసి ఊరుకోవడం సులువే గాని, సర్కారు మారాక ఆ మోజు పోయిందా? 2024 సెప్టెంబరు 5, 6 తేదీల్లో కొత్త ప్రభుత్వం హైదరాబాద్‌లో గ్లోబల్ ఏఐ సమ్మిట్ పెట్టింది. అంతకు నాలుగు నెలల ముందే ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ సమగ్ర వేదిక మీద సాంకేతిక వివరణ ప్రచురించింది. ఏఐ నగరం కడతామన్న మాట గట్టిగా వినపడింది. పోయిన కార్డుల మాట అంత గట్టిగా వినపడలేదు.

నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యాల విషయంలో ఇట్లాగే జరిగింది. అనుమానితులను ఏరే సాఫ్ట్‌వేర్, వేల కుటుంబాల మీద తప్పుడు మోసం ముద్ర, అప్పులు, విడాకులు. అక్కడ 2021 జనవరి 15న ప్రధాని రుట్టె మంత్రివర్గం రాజీనామా చేసింది. మన దగ్గర ఒక గుమాస్తా అయినా రాజీనామా చేసినట్టు నేను చదవలేదు. అక్కడివాళ్లు మంచివాళ్లని కాదు. ఆ తల్లిదండ్రులు ఏళ్లపాటు అరిచాక, పార్లమెంటులో ఇద్దరు ముగ్గురు పట్టు వదలకుండా అడిగాక జరిగిందది. అరవడానికి ఒక చోటు, అడగడానికి ఒక సభ మిగిలి ఉన్నాయన్నదే తేడా.

మన సంస్థలు మాత్రం గొప్పగా నడుస్తున్నాయా అంటే, రాజన్న సిరిసిల్ల జిల్లా వేములవాడ చూడండి. చెన్నమనేని రమేశ్ 2009 నుంచి అక్కడ ఎమ్మెల్యేగా గెలుస్తూ వచ్చారు. ఆయన జర్మనీ పౌరుడని ఆది శ్రీనివాస్ కేసు పెట్టారు. హైకోర్టు, సుప్రీంకోర్టు, కేంద్ర హోంశాఖ, మళ్లీ హైకోర్టు. 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు ఆయన జర్మన్ పౌరుడేనని తేల్చి 30 లక్షలు కట్టమంది. పదిహేనేళ్లు పట్టింది. ఈలోగా ఆయన పదవీకాలాలు పూర్తయ్యాయి. ధర్మపురిలో ఆ 441 ఓట్ల కేసు ఇంకో విచిత్రం. కౌంటింగ్ పత్రాలు చూద్దామని హైకోర్టు అంటే, 2023 ఏప్రిల్‌లో జగిత్యాల దగ్గర స్ట్రాంగ్ రూం తాళం చెవి దొరకలేదు. చివరికి కోర్టు అనుమతితో తాళం పగలగొట్టారు. కథలో రాస్తే అతి అంటారు.

అయినా ఈ రెండు కేసుల్లో ఒకటుంది. ఎమ్మెల్యే పౌరసత్వం విషయంలో వ్యవస్థ ప్రతి మెట్టు దగ్గరా ఆయన వాదన విన్నది. తప్పిపోయిన తాళానికి కూడా ఒక గది ఉంది, గదికి ఒక కలెక్టరు ఉన్నారు, పగలగొట్టడానికి అందరూ చూస్తుండగా ఒక రోజు ఉంది. ఒక నాయకుడు ఈ దేశపు మనిషా కాదా అని తేల్చడానికి పదిహేనేళ్లు, ఒక రిక్షా కార్మికుడికి కారుందని తేల్చడానికి కంప్యూటర్‌లో ఒక క్షణం. ఆలస్యాన్ని పొగడటం లేదు. ఆలస్యంలో కనీసం వినడం ఉంది.

మూడోది, సిరిసిల్లదే. 2024 ఏప్రిల్ 5న కేసీఆర్ సిరిసిల్లలో ప్రెస్‌మీట్ పెట్టి కాంగ్రెస్ వాళ్లను గట్టిగా తిట్టారు. ఫిర్యాదు వెళ్లింది. ఎన్నికల సంఘం నోటీసు ఇచ్చింది. ఆయన ఇచ్చిన జవాబు మన సాహిత్య విద్యార్థులకు పాఠ్యాంశం కావాలి: అధికారులు తెలుగువాళ్లు కారు, స్థానిక యాస వాళ్లకు అర్థం కాలేదు, నా మాటలకు ఇంగ్లీషు అనువాదం సరిగా లేదు. సంఘం ఆ జవాబును ఒప్పుకోలేదు. మే 1 రాత్రి 8 గంటల నుంచి 48 గంటలు ప్రచారం చెయ్యొద్దంది. కేసీఆర్ వాదన తప్పించుకునే ఎత్తే కావచ్చు, నాకు అట్లాగే అనిపిస్తుంది. కానీ అందులో ఒక నిజం ఇరుక్కుని ఉంది. యాసలో తిట్టు ఎప్పుడు తిట్టు, ఎప్పుడు ఊతపదం, ఎప్పుడు చనువు అనేది విన్నవాడికే తెలుస్తుంది. రేపు ప్రసంగాలను వడపోసే పని యంత్రానికి ఇస్తే అది ఏ తెలుగుతో చదువుతుంది? నెట్‌లో ఎక్కువగా దొరికే పత్రికల తెలుగుతో, సబ్‌టైటిళ్ల తెలుగుతో. సిరిసిల్ల సాంచాల మధ్య, కోరుట్ల బీడీ కార్ఖానా మెట్ల మీద మాట్లాడే తెలుగు అందులో ఎంత? కేసీఆర్‌కు నోటీసు వచ్చింది, జవాబు రాసే గడువు దొరికింది, ఆదేశం మీద సంతకం ఉంది. యంత్రం మూసేసిన ఖాతా గల మామూలు మనిషికి వచ్చేది ‘మా మార్గదర్శకాలకు విరుద్ధం’ అనే ఒక వాక్యం. అదీ తెలుగులో ఉంటే అదృష్టం.

ఇక మన సాహిత్యం. ఈ ప్రాంతపు కథకు రాజ్యాన్ని చదవడం కొత్త కాదు. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర. ఆ తర్వాతి నెలలోనే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలు కల్లోలిత ప్రాంతాలు. ఒక్క ప్రకటనతో రెండు తాలూకాల మనుషులంతా ఒకే గడిలో పడిపోయారు. నువ్వెవరు, ఏం చేశావు అన్నది లేదు, ఏ ఊరివాడివి అన్నదే. గుంపును గీత గీసి అనుమానించడం సాఫ్ట్‌వేర్ కనిపెట్టిన విద్య కాదు. అల్లం రాజయ్య ‘కొలిమంటుకున్నది’ లాంటి నవలలు ఆ కాలాన్ని పట్టుకోగలిగాయంటే కారణాల్లో ఒకటి, వాటిలో అధికారానికి ముఖం ఉంది. దొర ఉన్నాడు, పట్వారీ ఉన్నాడు, పోలీసు పటేల్ ఉన్నాడు. వాడికి మీసం ఉంది, గొంతుంది, గడప ఉంది. జనం పోయి నిలదీయడానికి ఒక గడి ఉంది. మన కథ ఎదుటివాడి ముఖం చూసి రాయడం నేర్చుకుంది.

అక్కడే మన చిక్కు. కార్డు తీసేసిన జాబితాకు ముఖం లేదు. డీలర్‌ను అడిగితే మిషన్‌లో పేరు లేదంటాడు. తహసీల్ ఆఫీసులో అడిగితే పై నుంచి వచ్చిందంటారు. పైన అడిగితే సిస్టం అంటారు. ఆ పైన కంపెనీ హక్కులు. ఈ గొలుసులో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు, ఎవరూ దుర్మార్గులు కూడా కారు. దొరను రాసిన కలంతో దీన్ని రాయబోతే డీలర్ దొరైపోతాడు, కథ అన్యాయమైపోతుంది. నేను చదివిన ఇటీవలి తెలుగు కథల్లో ఏఐ వచ్చినప్పుడల్లా రోబో ప్రియురాలో, కవి ఉద్యోగం లాక్కున్న యాప్‌ో వస్తున్నది. అన్నీ ముఖాలే. డీప్‌ఫేక్ మనల్ని ఇంత పట్టుకోవడానికి కారణం కూడా అదేనేమో, ముఖం ఉంటేనే మనకు కోపం వస్తుంది.

జగిత్యాల కవి అలిశెట్టి ప్రభాకర్ గుర్తొస్తారు. ఆయన బతుకుతెరువు ఫొటో స్టూడియో. జగిత్యాలలో, కరీంనగర్‌లో, తర్వాత హైదరాబాద్‌లో స్టూడియోలు నడిపారు. బొమ్మలు గీశారు, ‘సిటీ లైఫ్’ పేరుతో పత్రికలో చిన్న చిన్న కవితలు రాశారు. 1993 జనవరి 12న, క్షయతో, చాలా తొందరగా పోయారు. పాస్‌పోర్ట్ సైజు ఫొటో కోసం వచ్చి కుర్చీలో బిగుసుకుని కూచునే మనిషిని రోజూ చూసిన కవి ఆయన. ఆ ఫొటో రేషన్ కార్డుకో, గల్ఫ్ పోయే పాస్‌పోర్టుకో, బీడీ ఐడీ కార్డుకో అంటుకుంటుందని తెలిసినవాడు. ఆయన కవితలు అంత కురచగా, అంత కోపంగా ఎందుకుంటాయో ఆ కుర్చీ ముందు నిలబడి ఆలోచిస్తే కొంత తెలుస్తుంది. నాకు ఇప్పుడు కావలసిన రచన అట్లాంటి చోటి నుంచి రావాలనిపిస్తుంది. మీసేవ కౌంటర్ వెనక కూచున్న పిల్ల రాయాలి. ఆధార్ అప్‌డేట్ చేసే పిల్లగాడు రాయాలి. పేర్లను ఇంగ్లీషులోకి దించుతూ ఏ అక్షరం దగ్గర చెయ్యి ఆగుతుందో వాళ్లకు తెలుసు. ఏ అప్పీలు దరఖాస్తులో ఏ వాక్యం రాస్తే పైకి పోతుందో, ఏది తిరిగొస్తుందో తెలుసు. ఇప్పటికి ఈ విషయం మీద వచ్చిన మంచి రచనంతా ఇంగ్లీషు పరిశోధనాత్మక జర్నలిజంలోనే కనిపిస్తున్నది. అది గొప్ప పనే, దానికి దండం. కానీ అందులో ఆ ఇల్లాలు ఆఫీసు ముందు ఏమని తిట్టిందో ఉండదు.

ముఖం విషయం ఇంకోటి మిగిలింది. 2020 జనవరిలో కొంపల్లి మున్సిపల్ ఎన్నికల్లో పది పోలింగు కేంద్రాల్లో ఓటర్లను ముఖం చూసి గుర్తుపట్టే యాప్‌ను ప్రయోగాత్మకంగా వాడారు. 2025లో చేయూత పింఛన్ల పంపిణీకీ ముఖ గుర్తింపు తెచ్చారు. కారణం న్యాయమైనదే, ముసలివాళ్ల వేలిముద్రలు పడటం లేదు. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల బీడీ కార్మికులకు ఈ బాధ మరీ దగ్గరిది. ఆకు కత్తిరించీ, చుట్టీ, దారం కట్టీ వేళ్ల గీతలు అరిగిపోతాయి. పని చేసినందుకే పని చేసిన గుర్తు చెరిగిపోతుంది. ఇప్పుడు వేలు కాకపోతే ముఖం. ఆ ముఖం కూడా పదేళ్ల కిందటి ఆధార్ ఫొటోతో కలవాలి.

2025 జనవరి 21 నుంచి 24 దాకా రాష్ట్రమంతా గ్రామసభలు జరిగాయి. కొత్త రేషన్ కార్డులు, ఇందిరమ్మ ఇళ్లు, రైతు భరోసా, ఆత్మీయ భరోసాల జాబితాలు జనం ముందు చదివారు. చాలా చోట్ల రభస అయింది. నా పేరేదని లేచినవాళ్లు, వాడికెట్లా వచ్చిందని వేలు చూపినవాళ్లు, అధికారుల్ని చుట్టుముట్టినవాళ్లు. టీవీలు దాన్ని ‘గ్రామసభల్లో గందరగోళం’ అని చూపించాయి. ఆ జాబితాలు ఎట్లా తయారయ్యాయో, వాటి వెనక ఏ దస్త్రాలు ఏ దస్త్రాలతో కలిశాయో అక్కడ మైకు పట్టుకున్న పంచాయతీ కార్యదర్శికి కూడా తెలిసి ఉండదు. కానీ జాబితాను బయటికి చదివారు. పేరు వినపడనివాళ్లు లేచి నిలబడ్డారు, ఎందుకు లేదో చెప్పమన్నారు.